పిజ్జా: ప్రాంతీయ రీతులు, చైన్ దుకాణాలు, పల్నాటి బేకరీ

పులియబెట్టిన గోధుమ పిండిని చేత్తో గుండ్రంగా సాగదీసి, పైన టమాటా గుజ్జు, చీజ్, కూరగాయ ముక్కలో మాంసమో పరిచి, బాగా వేడెక్కిన పొయ్యిలో కాల్చే రొట్టె పిజ్జా. దక్షిణ ఇటలీ తీరంలోని నేపుల్స్‌లో పేదల వీధి తిండిగా పెరిగి, పంతొమ్మిదో శతాబ్దం చివర వలస కూలీల వెంట అమెరికా చేరింది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అక్కడ పెద్ద వ్యాపారమైంది. 1996లో ఆ వ్యాపారమే ఢిల్లీ, బెంగళూరు నగరాల్లో దుకాణాలు తెరిచింది. నరసరావుపేట, పిడుగురాళ్ల, మాచర్ల, గురజాల లాంటి పల్నాటి ఊళ్లవాళ్లకు పిజ్జా ముందు టీవీ ప్రకటనల్లో కనిపించింది. హైదరాబాదులో, విజయవాడలో చదివే పిల్లలు సెలవులకు వచ్చినప్పుడు దాని రుచి చెప్పారు. ఆ తర్వాత ఊళ్లో బేకరీల బోర్డుల మీదికి ఎక్కింది.

పిజ్జా అనగానే మన దగ్గర మొదట అడిగేది పైన ఏం వేశారనే. పనీరా, చికెనా, స్వీట్ కార్నా? కానీ ఒక రీతిని ఇంకో రీతి నుంచి వేరు చేసేవి పై ముక్కలు కావు. ఏ పొయ్యి, ఏ పళ్లెం, ఏ పిండి, ఏ పాల చీజ్ అన్న నాలుగూ తెలిస్తే ఆ పిజ్జా ఏ ఊరిదో చాలావరకు చెప్పేయవచ్చు. ఆ కొలతతో చూస్తే పల్నాటి బేకరీల్లో చేసే పిజ్జాను చైన్ల పిజ్జాకు చవక నకలు అని కొట్టిపారేయడం అన్యాయం. అది ఇంకా రూపు కడుతున్న ప్రాంతీయ రీతి. దాని సంగతి చెప్పాలంటే ముందు మిగతావాటి పుట్టుక చూడాలి.

నేపుల్స్

ఇక్కడి పిజ్జాకు పిండి, నీళ్లు, ఉప్పు, ఈస్ట్ తప్ప ఇంకేమీ కలపరు. నూనె, పంచదార ఉండవు. అప్పడాల కర్ర వాడరు. వేళ్లతో మధ్య నుంచి అంచుకు గాలిని నెట్టుకుంటూ సాగదీస్తారు. అందుకే మధ్యలో కాగితంలా పల్చగా, అంచున ఉబ్బుగా ఉంటుంది. కట్టెల పొయ్యి గుమ్మటం కింద వేడి సుమారు 485 డిగ్రీల సెల్సియస్. అంత వేడిలో పిజ్జా 60 నుంచి 90 సెకన్లలో కాలుతుంది. ఒక్క నిమిషంలోనే అయిపోవడం వల్ల అంచు మీద నల్లటి మచ్చలు పడతాయి గానీ లోపల తేమ పోదు. కరకరలాడే పిజ్జాకు అలవాటు పడినవాళ్లు దీన్ని మొదటిసారి చూసి ఇంకా ఉడకలేదేమో అనుకుంటారు.

ఈ పద్ధతిని కాపాడటానికి 1984లో నేపుల్స్‌లో ఒక సంఘం ఏర్పడింది. యూరోపియన్ యూనియన్ 2010లో దీనికి సంప్రదాయ ఆహారంగా రక్షణ ఇచ్చింది. పిజ్జా వ్యాసం 35 సెంటీమీటర్లు దాటకూడదని, అంచు ఎత్తు ఒకటి రెండు సెంటీమీటర్లు ఉండాలని ఆ రక్షణ నిబంధనల్లో రాసి ఉంది. 2017లో నేపుల్స్ పిజ్జా చేసేవాళ్ల కళను యునెస్కో మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది. 1889లో రఫాయెలే ఎస్పోసిటో అనే వంటవాడు రాణి మార్గెరిటా కోసం టమాటా, మోజరెల్లా, తులసి జాతికి చెందిన బేసిల్ ఆకులతో పిజ్జా చేశాడని, అదే మార్గెరిటా అయిందని అందరూ చెప్పుకునే కథ. చరిత్రకారుల్లో చాలామంది దీన్ని నమ్మరు. అంతకంటే పాతదైన మరినారాలో చీజే ఉండదు. టమాటా, వెల్లుల్లి, ఒరెగానో, ఆలివ్ నూనె, అంతే.

పల్నాటి పాఠకులు గుర్తుంచుకోదగ్గ విషయం ఒకటుంది. నేపుల్స్ ఉన్న కంపానియా ప్రాంతంలో పేరుమోసిన మోజరెల్లా గేదె పాలతో చేస్తారు. విరిగిన పాల ముద్దను ముక్కలు కోసి, మరిగే నీళ్లలో వేసి, పట్టుతాడులా సాగేదాకా లాగి, ఉండలు చుడతారు. గేదె పాలలో వెన్న ఎక్కువ కాబట్టి రుచి చిక్కగా ఉంటుంది. చైన్ల పిజ్జా మీద కనిపించేది ఇది కాదు. అది ఆవు పాలతోనో కలగలుపు పాలతోనో చేసి నీటి శాతం తగ్గించిన మోజరెల్లా. అది తురమడానికి వీలుగా ఉంటుంది, నెలల తరబడి నిలవ ఉంటుంది, కాలితే నీళ్లు వదలదు.

అమెరికా రీతులు

1905లో న్యూయార్క్ స్ప్రింగ్ స్ట్రీట్‌లో జెన్నారో లొంబార్డి నడిపిన దుకాణం అమెరికాలో తొలి పిజ్జా దుకాణంగా పేరుకెక్కింది. అక్కడ కట్టెలకు బదులు బొగ్గు పొయ్యి. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత గ్యాస్ పొయ్యిలు వచ్చాయి. వాటికి అంత వేడి ఉండదు కాబట్టి కాల్చే సమయం పెరిగింది. పిండిలో కాస్త నూనె, పంచదార చేరాయి. పిజ్జా 18 అంగుళాల దాకా పెద్దదై ముక్కల లెక్కన అమ్ముడైంది. నడుస్తూ, మధ్యకు మడిచి తినే న్యూయార్క్ ముక్క అలా పుట్టింది. దగ్గర్లోని న్యూహేవెన్ మాత్రం బొగ్గు పొయ్యిని వదల్లేదు. 1925లో ఫ్రాంక్ పెపే తెరిచిన దుకాణంలో ఇప్పటికీ నల్లగా మాడిన అంచులతోనే పిజ్జా వస్తుంది.

డెట్రాయిట్ కథ నాకు వీటన్నిటికంటే ఇష్టం. 1946లో గస్ గెర్రా అనే ఆయన బడ్డీస్ అనే బార్లో పిజ్జా మొదలుపెట్టాడు. కార్ల ఫ్యాక్టరీల్లో చిన్న చిన్న విడిభాగాలు పెట్టుకునే నీలిరంగు ఉక్కు ట్రేలు ఆ ఊళ్లో కావలసినన్ని దొరికేవి. మందపాటి ట్రే, నిలువు అంచులు, బాగా వేడి పట్టే లోహం. పిండిని అందులో వేసి, చీజును అంచుల దాకా తోసి, టమాటా సాస్‌ను అన్నిటికంటే పైన చారలుగా పోశారు. ట్రే గోడకు తగిలిన చీజు గోధుమరంగులో మాడి పెళుసుగా అంటుకుంటుంది. డెట్రాయిట్ వాళ్లు ముందుగా కోరుకునేది మూల ముక్కనే, ఎందుకంటే రెండు వైపులా ఆ మాడు ఉంటుంది. ఆ ట్రే పిజ్జా కోసం చేసింది కాదు. ఊళ్లో దొరికిన సామాను ఒక రీతి అయి కూర్చుంది.

షికాగో డీప్ డిష్ 1943లో పిజ్జేరియా ఊనోలో మొదలైంది. లోతైన పళ్లెం, గిన్నెలా లేచిన అంచు, అడుగున చీజు, పైన సాస్, అరగంటకు మించి కాలే సమయం. కానీ షికాగో జనం రోజువారీ తినేది అప్పడంలా పల్చగా ఉండి చతురస్రాలుగా కోసే ఇంకో రకం. సెయింట్ లూయిస్‌లో ఈస్టే వేయకుండా, ప్రొవెల్ అనే అక్కడి చీజుతో చేస్తారు. కాలిఫోర్నియా రీతి 1980ల్లో వచ్చింది. పిండి, పొయ్యి ఇటలీవే గానీ పైన ఏదైనా వేయవచ్చన్న స్వేచ్ఛ దానిది. పైనాపిల్ వేసే హవాయియన్ పిజ్జాకు హవాయితో సంబంధం లేదు. 1962లో కెనడాలో సామ్ పానోపులోస్ అనే గ్రీకు వలసదారు మొదలుపెట్టాడు.

ఇటలీకే చెందిన మరో రెండు రీతులు మన చర్చకు ముఖ్యం. సిసిలీలోని పలెర్మోలో స్ఫించోనే అని, మెత్తటి మందపాటి రొట్టె మీద ఉల్లి, టమాటా, రొట్టెపొడి వేసి కాల్చి బేకరీల్లో అమ్ముతారు. రోములో పొడవాటి పళ్లేల్లో కాల్చి, అడిగినంత కోసి తూకం వేసి ఇస్తారు. బేకరీలో పుట్టిన పిజ్జా ఇటలీలోనే గౌరవంగా బతుకుతోంది.

చైన్ దుకాణాలు

పిజ్జా హట్‌ను 1958లో కాన్సాస్ రాష్ట్రంలోని విచిటాలో డాన్, ఫ్రాంక్ కార్నీ అనే అన్నదమ్ములు తల్లి దగ్గర 600 డాలర్లు అప్పు తీసుకుని పెట్టారు. లిటిల్ సీజర్స్ 1959లో, డామినోస్ 1960లో మిషిగన్ రాష్ట్రంలో మొదలయ్యాయి. డామినోస్ పెట్టిన టామ్ మోనఘన్ సోదరుడు జేమ్స్ తొందరలోనే తన సగం వాటాను ఒక పాత ఫోక్స్‌వ్యాగన్ కారుకు వదిలేసి వెళ్లిపోయాడు. పాపా జాన్స్ 1984లో ఇండియానాలో వచ్చింది. ఈ నాలుగూ పుట్టింది అమెరికా మధ్య రాష్ట్రాల చిన్న, మధ్యస్థాయి ఊళ్లలో. ఇటాలియన్లు గుంపుగా స్థిరపడిన న్యూయార్కులో కాదు. పక్కవీధిలో మంచి పిజ్జా దొరకని చోటే చైన్‌కు గిరాకీ.

భారతదేశంలో డామినోస్ తొలి దుకాణం 1996 జనవరిలో ఢిల్లీలో, పిజ్జా హట్ తొలి దుకాణం అదే ఏడాది జూన్‌లో బెంగళూరులో తెరిచారు. డామినోస్‌ను ఇక్కడ జుబిలెంట్ ఫుడ్‌వర్క్స్ నడుపుతుంది. 2024లో దాని దుకాణాలు 2,000 దాటాయి. అమెరికా బయట డామినోస్‌కు ఇంతకంటే పెద్ద మార్కెట్ లేదు. పిజ్జా హట్ దుకాణాలు దేవయాని ఇంటర్నేషనల్, సఫైర్ ఫుడ్స్ చేతుల్లో ఉన్నాయి. 2011లో చండీగఢ్‌లో పుట్టిన లా పినోజ్ పెద్ద ముక్కలతో చిన్న పట్టణాల కుర్రకారును పట్టుకుంది.

చైన్ బలం వంటగదిలో లేదు, వంటగదికి వెనక ఉంది. డామినోస్ పిండిని దుకాణంలో కలపరు. కేంద్ర వంటశాలలో కలిపి, తూచి, ఉండలు చేసి, చల్లని లారీల్లో పంపుతారు. దుకాణంలో ఉండను సాగదీయడం, సాస్ పూయడం, ముక్కలు చల్లడం మాత్రమే ఉంటాయి. తర్వాత పిజ్జా కదిలే పట్టీ మీద పొయ్యిలోకి ఒక వైపు నుంచి వెళ్లి, ఆరేడు నిమిషాల్లో రెండో వైపు నుంచి బయటికి వస్తుంది. కాల్చేవాడి నైపుణ్యంతో పని లేదు. పట్టీ వేగం, వేడి ముందే స్థిరం చేసి ఉంటాయి. అందుకే గుంటూరులో తిన్నదీ గౌహతిలో తిన్నదీ ఒకే రుచి. కొత్త ఊళ్లో ఆకలితో ఉన్న మనిషికి అది పెద్ద భరోసా, దాన్ని తక్కువ చేయకూడదు.

30 నిమిషాల్లో తెచ్చివ్వకపోతే ఉచితం అన్న మాట డామినోస్‌ను ఇంటింటికీ పరిచయం చేసింది. డెలివరీ కుర్రాళ్ల ప్రమాదాలు, కోర్టు కేసుల తర్వాత అమెరికాలో 1993లో ఆ హామీ ఎత్తేశారు. ఇండియాలో అది ఆ తర్వాత కూడా ప్రకటనల్లో వినిపిస్తూ వచ్చింది. మన రోడ్ల మీద అలాంటి హామీ భారం బండి నడిపే కుర్రాడి ప్రాణం మీద పడుతుందన్నది మరిచిపోలేం.

రెండు పెద్ద చైన్లలో ఏది మేలు? పోల్చాల్సింది క్రస్ట్‌నే, అంటే అడుగు రొట్టెనే. డామినోస్ హ్యాండ్ టాస్డ్ మధ్యరకం మందం, సాస్‌లో తీపి కాస్త ముందుకు వస్తుంది. పిజ్జా హట్ 1980లో తెచ్చిన పాన్ పిజ్జాలో పళ్లెం అడుగున నూనె పోసి, పిండిని అందులోనే పొంగనిస్తారు. కాలేటప్పుడు అడుగు వేగుతుంది. పైన దూదిలా, కింద కరకరగా ఉంటుంది. అక్కడే కూర్చుని వేడిగా తినేటట్లయితే నా ఓటు పాన్‌కే. ఊరి చివరికో పక్క పల్లెకో తీసుకెళ్లాలన్నా అదే నయం. అట్టపెట్టెలో ఆవిరి పట్టి పల్చటి క్రస్ట్ తోలులా సాగుతుంది, మందపాటిది వేడిని కాసేపు నిలుపుకుంటుంది. రొట్టెలోనే చీజు నింపే చీజ్ బర్స్ట్ లాంటివి పిల్లలకు నచ్చుతాయి గానీ, రొట్టె రుచి తెలియకుండా చేస్తాయి.

అమెరికాలో చదువుకునే మన పిల్లలకు మొదటి ఏడాది లిటిల్ సీజర్స్ బాగా అక్కరకొస్తుంది. ముందే చేసి పెట్టిన పిజ్జా చవకగా, ఎదురుచూపు లేకుండా దొరుకుతుంది. ఉద్యోగం వచ్చాక దేశీ పిజ్జా వైపు వెళ్తారు. శాన్‌ఫ్రాన్సిస్కోలో జాంటే అనే దుకాణం 1980ల నుంచే టమాటా సాస్‌కు బదులు మసాలా గుజ్జు పూసి, తందూరి చికెన్, కొత్తిమీర వేసి అమ్మింది. ఇవాళ మనవాళ్లు ఎక్కువగా ఉండే డాలస్, న్యూజెర్సీ శివార్లలో అలాంటివి కొత్త కాదు.

పల్నాటి పెనం

పల్నాడు గోధుమ నేల కాదు. ఇక్కడ సన్నబియ్యం అన్నం దొరకదని, ఎటు చూసినా జొన్నకూడేనని వాపోయే చాటువులు శ్రీనాథుడి పేరిట ఇప్పటికీ చెప్పుకుంటారు. 1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీళ్లు వదిలాక జవహర్ కాలువ పారిన మేర వరి వచ్చింది, జొన్న వెనక్కి తగ్గింది. మైదా అంతకన్నా తర్వాత, బేకరీలతో, పరోటా బళ్లతో వచ్చింది.

జొన్నపిండిలో గోధుమకు ఉండే సాగే గుణం లేదు. గ్లూటెన్ లేకపోవడమే కారణం. అందుకే మరిగే నీళ్లు పోసి పిండిని జిగట పట్టించి, తడిచేత్తో తట్టి రొట్టె చేస్తారు. ఉత్త జొన్నపిండితో పిజ్జా పొంగదు, సాగదు. అంచులు పగులుతాయి. ఆరోగ్యం పేరుతో జొన్న పిజ్జా అని అమ్మేవాటిలో మైదానో గోధుమపిండో కలిసే ఉంటుంది. మైదాలో ఐదో వంతు జొన్న కలిపితే మాత్రం అడుగు కరకరలాడుతుంది, వాసన బాగుంటుంది.

పళ్లెంలో మందంగా కాల్చడం మాత్రం తెలుగువాళ్లకు కొత్త విద్య కాదు. మినప్పిండి, బియ్యపు రవ్వ కలిపి మందపాటి బూరెలమూకుట్లో నూనె వేసి, సన్నసెగ మీద, మూతపైన నిప్పులు పెట్టి కాల్చే దిబ్బరొట్టెకు అడుగు ఎర్రగా వేగి లోపల మెత్తగా ఉంటుంది. తెలంగాణలో సర్వపిండిని గిన్నె లోపలి గోడకే ఒత్తి, వేలితో చిల్లులు పెట్టి, నూనె చుక్కలు వేసి కాలుస్తారు. డెట్రాయిట్ ట్రే లాగే ఇక్కడా గిన్నెదే పెత్తనం.

బేకరీ పిజ్జా

నరసరావుపేట మొదలుకుని మాచర్ల దాకా చిన్న బేకరీల్లో పిజ్జా తయారయ్యే తీరు దాదాపు ఒకటే. ప్యాకెట్లలో వచ్చే సగం కాల్చిన బేస్ తీసుకుంటారు. దాని మీద టమాటా సాస్, ఒక్కోసారి చిల్లీ సాస్ కలిపి చెంచా వెనకతో పూస్తారు. ఉల్లిపాయ, క్యాప్సికం, టమాటా, స్వీట్ కార్న్, పచ్చిమిర్చి చీలికలు. చికెన్ అయితే మసాలా పట్టించి ముందే వేయించిన ముక్కలు. పైన తురిమిన చీజ్, దాని మీద మయొనైజ్ గీతలు. చిన్న కరెంటు ఒవెన్‌లో ఎనిమిది పది నిమిషాలు. పుట్టినరోజు కేకు కొనడానికి వచ్చినవాళ్లు దాంతోపాటు ఒకటి కట్టించుకుని వెళ్తారు.

ఇందులో బాగున్నది పైభాగం. ఉల్లి, మిర్చి అప్పటికప్పుడు తరిగినవి, చికెన్‌లో మన అల్లం వెల్లుల్లి ఉంటుంది. చైన్ల చికెన్ ముక్కలకు ఆ జీవం లేదు. బాగా లేనిది బేస్. నిలవ ఉన్న బేస్ అప్పటికే తేమ పోగొట్టుకుని, రెండోసారి కాలేసరికి బిస్కట్టులా అవుతుంది. చీజులో కూడా తేడా ఉంది. ప్రాసెస్డ్ చీజ్ మెత్తగా కరుగుతుంది గానీ తీగలు సాగదు. తీగ కావాలంటే మోజరెల్లా కలపాల్సిందే.

నాకు వింతగా తోచేది ఇది. ఆ బేకరీలోనే తెల్లవారుజామున ఈస్ట్ వేసిన పిండితో బన్నులు, బ్రెడ్డు కాలుస్తారు. పిండి పొంగడం ఎప్పుడు చాలో వేలితో నొక్కి చెప్పగల మాస్టర్ అక్కడే ఉంటాడు. అలాంటి చోట ప్యాకెట్ బేస్ ఎందుకు? బన్ను పిండిలో కాస్త పంచదార, కొవ్వు ఉంటాయి. దాన్ని నూనె రాసిన కేకు ట్రేలో పరిచి, అరగంట పొంగనిచ్చి, పైన సరుకు వేసి బన్నుల పొయ్యిలో కాలిస్తే పలెర్మో బేకరీవాళ్లు చేసేదానికి దగ్గరగా, పిజ్జా హట్ పాన్‌కు తీసిపోకుండా వస్తుంది. పల్నాటి రీతి అంటూ నిలబడేది ఏదైనా ఉంటే అది ఈ ట్రేలోంచే రావాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి పిజ్జా బ్రెడ్ మీద 5 శాతం జీఎస్టీ తీసేశారు కాబట్టి ప్యాకెట్ బేస్ మరికొంత చవకై ఉండవచ్చు. రుచి విషయంలో మాత్రం అది పోటీకి రాదు.

మిర్చి

పిజ్జాతో వచ్చే చిన్న పొట్లంలోని ఎర్రటి పొడి, గింజలతో సహా కచ్చాపచ్చాగా నలగ్గొట్టిన ఎండుమిర్చి. బల్ల మీద దీన్ని పెట్టడం అమెరికా అలవాటు. మిర్చి, టమాటా రెండూ దక్షిణ, మధ్య అమెరికా నుంచి ఓడల్లో పాత ప్రపంచానికి వచ్చినవే. పోర్చుగీసువాళ్లతో మన తీరానికి చేరిన మిర్చి ఇవాళ పల్నాడుకు పెద్ద వాణిజ్య పంట.

సంక్రాంతి దాటాక గురజాల, వినుకొండ వైపు వెళ్తే కల్లాల్లో ఎకరాల కొద్దీ ఎరుపు పరుచుకుని ఉంటుంది. ఎండిన కాయల్లోంచి రంగు పోయిన తాలు కాయలు వేరుచేస్తారు. మంచి కాయ గుంటూరు యార్డుకో కోల్డ్ స్టోరేజీకో వెళ్తుంది. తేజ రకానికి ఘాటెక్కువ. భౌగోళిక గుర్తింపు ఉన్న గుంటూరు సన్నం ఘాటులో దానికంటే తగ్గుతుంది. బ్యాడిగి రంగుకు పేరు. చీజులోని కేసిన్ అనే మాంసకృత్తి మిర్చి ఘాటును పట్టి ఉంచుతుంది కాబట్టి, పచ్చడి మెతుకులకు అలవాటైన నాలుకకు పొట్లం కారం చాలదనిపించడంలో ఆశ్చర్యం లేదు. బేకరీవాళ్లు పొట్లాల కోసం బయటికి చూడనక్కర్లేదు. తొడిమలు తీసిన సన్నం కాయను ఎండబెట్టి రోట్లో రెండు పోట్లు వేస్తే చాలు. ఇంకా మంచిది, ఆ నలగ్గొట్టిన మిర్చిని గోరువెచ్చని నువ్వుల నూనెలో వెల్లుల్లితో ఒక రాత్రి నానబెట్టి, కాలిన పిజ్జా మీద చారగా పోయడం. ఘాటు నూనెలో కరుగుతుంది, నీళ్లలో కరగదు.

ఎండ, పిండి

పల్నాడులో పిజ్జా పిండి కలిపేవాళ్లకు అసలు ఇబ్బంది ఎండతో. రాష్ట్రంలో అత్యధిక ఉష్ణోగ్రతలకు పేరుపడ్డ రెంటచింతల ఈ జిల్లాలోదే. ఇటలీ వంటపుస్తకం చెప్పినట్టు పిండిని బయట ఎనిమిది గంటలు ఉంచితే మే నెలలో అది పులిసి, జావగా జారి, పుల్లటి వాసన వస్తుంది. ఈస్ట్ సగానికి తగ్గించి, ఐసు నీళ్లతో కలిపి, గంట తర్వాత ఫ్రిజ్‌లో పెట్టి మర్నాడు వాడాలి. చల్లగా, నెమ్మదిగా పొంగిన పిండికి రుచి కూడా ఎక్కువ. మన మైదాలో మాంసకృత్తులు ఇటలీ పిజ్జా పిండిలో కంటే సాధారణంగా తక్కువ కాబట్టి నీళ్లు కూడా కాస్త తగ్గించాలి. కిలో మైదాకు 600 మిల్లీలీటర్లతో మొదలుపెట్టి, చేతికి అంటుకోకుండా చూసుకుంటే సరిపోతుంది. శీతాకాలంలో, డిసెంబరు, జనవరి రాత్రుల్లో, అదే పిండిని ఫ్రిజ్ అవసరం లేకుండా తడిగుడ్డ కప్పి గిన్నెలో వదిలేయవచ్చు.